దారిలో ఈనిన మంద

పొదల మీద కాకులు ముసరడం చూసి ఖాద్నే, దుప్పులు లాగే తన మంచుబండిని అటు తిప్పింది. రెండు రోజులుగా మందలో కనిపించని తెల్లదుప్పి అటువైపే ఉంటుందని ఆమె మనసు చెబుతూనే ఉంది. ఇలా ఉంటుందని మాత్రం చెప్పలేదు.

తల ఒకచోట, మొండెం ఒకచోట. తోలు శుభ్రంగా ఒలిచి పట్టుకుపోయారు. వసంతానికి కొత్తగా మొలుస్తున్న లేతకొమ్ముల్ని, నూగు కూడా ఆరనివాటిని, మొదలంటా రంపంతో కోసుకుపోయారు. మాంసం ముట్టుకోలేదు. తొడలు, జబ్బలు, డొక్కలు అన్నీ ఎక్కడివక్కడే గడ్డకట్టి ఉన్నాయి. పొట్ట దగ్గర నక్కలు మాత్రం మొదలుపెట్టాయి.

ఆకలేసి చంపినవాడు మాంసం తీసుకుపోతాడు. అలాంటివాడిని తిట్టుకుంటారు, తర్వాత మర్చిపోతారు. వదిలేసిన ఆ మాంసాన్ని చూశాకే ఖాద్నేకి పగ పుట్టింది.

పొదల పక్కనే గొలుసుచక్రాల బండి వచ్చి తిరిగివెళ్ళిన అచ్చు ఉంది. మంచును చీల్చి, దాని కింద నాచును కూడా పెళ్ళగించుకుంటూ పోయింది. ఆ అచ్చు వెంట చూపు సారిస్తే దూరాన ఆకాశంలోకి పొగ. చమురుబావులు తవ్వే కంపెనీ బేసు.

ఆ దుప్పి ఎవరి బండికీ కట్టనిది. దాని మెడ పలుపు ఎరగదు. ఖాద్నే మొగుడు జబ్బుపడి లేవలేనప్పుడు నూమ్ దేవుడి పేర వదిలిన దుప్పి అది. మొగుడు దక్కలేదు. పోయినవాడి పేరు నోట పలకకూడదు కాబట్టి ఆమె ఆ పేరు పలికి ఏళ్ళయింది. దుప్పి దక్కింది. సాయంత్రాలు అది గుడారం ముందుకొచ్చి నిలబడేది. ఖాద్నే రొట్టెముక్క అందించి, "ఏమయ్యా, తిరుగుళ్ళు అయ్యాయా?" అని అడిగేది. మందలో మిగతావాటిని ఒసే, ఒరే అనే మనిషి దీన్ని మాత్రం అయ్యా అనేది. మరిది యెలెసి చాటుగా నవ్వుకునేవాడు.

ఆ యెలెసే ఇప్పుడు వెనకనుంచి బండి తోలుకొచ్చి దిగాడు. చూశాడు. నశ్యం డబ్బా తీసి, మూత తిప్పి, పీల్చకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"దేవుడి సొమ్ము వదినా ఇది," అన్నాడు.

"వాళ్ళకేం తెలుసు."

"తెల్లగా ఉందని తెలుసుగా. తెల్లదాన్నే ఏరుకుని మరీ కొట్టారు."

ఆ తలను ఆడవాళ్ళు ముట్టుకోకూడదు. యెలెసి దాన్ని రెండు చేతులా ఎత్తి, మంచు దులిపి, పొద్దుపొడిచే దిక్కుకి మొహం తిప్పి పాతిన గడ మీద నిలిపాడు. ఖాద్నే పక్కన నిలబడి చూసింది. దాని కళ్ళ చుట్టూ పేరుకున్న మంచు తుడవాలని చేతులు లాగుతున్నాయి. ఆ చేతుల్ని తీసుకెళ్ళి నడుముకున్న కత్తి పిడి మీద వేసుకుంది.

బేసులో సైటు పెద్ద జూబొవ్ వాళ్ళని బయట చాలాసేపు నిలబెట్టి తర్వాత లోపలికి రమ్మన్నాడు. బూట్లు విప్పమన్నాడు. దుప్పితోలు బూట్లు తొడవరకూ ఉంటాయి, విప్పితే సగం బట్టలు విప్పినట్టే. ఖాద్నే విప్పలేదు. గడప మీదే నిలబడింది.

"తోడేలై ఉంటుంది," అన్నాడు జూబొవ్, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా.

"తోడేళ్ళకి మీరు రంపాలు కూడా పంచుతున్నారా?"

యెలెసి దగ్గినట్టు నవ్వాడు. జూబొవ్ అప్పుడు తలెత్తాడు. నున్నగా గీసుకున్న మొహం, అలసిన కళ్ళు.

"చూడు ముసలమ్మా. నా మనుషులు చేశారని రుజువుంటే తీసుకురా. లేదంటే ఒక పద్ధతుంది, మాంసం తూకం లెక్కన పరిహారం రాయించుకో. ఎవరూ కాదనరు."

"మాంసం మీవాళ్ళు ముట్టుకోలేదుగా. అక్కడే పడుంది. నా తోలు నాకివ్వండి."

"ఏ తోలు?"

"తెల్లతోలు."

జూబొవ్ ఒక్క క్షణం కిటికీవైపు చూశాడు. "నా దగ్గర పని చాలా ఉంది. నది మీద మంచు గట్టిగా ఉండగానే బావి తవ్వే రిగ్గు మొత్తం అవతలికి చేర్చాలి. ఒక్క వారం జారిందంటే మళ్ళీ చలికాలందాకా ఎక్కడి ఇనుము అక్కడే. నా తల మీద నాకు పెద్దలున్నారు. ఒక్క జంతువు కోసం నన్ను కూర్చోబెట్టకు."

"అవతలికంటే ఎక్కడికి?" అని యెలెసి అడిగాడు.

జూబొవ్ లేచి గోడమీది పటంలో ఎర్రచుక్క చూపించాడు. యెలెసి దగ్గరికెళ్ళి చూసి, వెనక్కి తిరిగి వదినవైపు చూశాడు.

"తల్లికొండ," అన్నాడు.

ఏటా చూలుదుప్పులు ఈనేది ఆ కొండ వెనకే. అక్కడ గాలి తగలదు, మంచు ముందు కరుగుతుంది, నాచు మెత్తగా ఉంటుంది. ఖాద్నే అత్త, ఆమె అత్త, అందరూ మందల్ని అక్కడికే తోలారు.

"బావులు తవ్వితే మీకూ మంచిదే," అన్నాడు జూబొవ్ తలుపువైపు నడుస్తూ. "రోడ్డొస్తుంది, డాక్టరొస్తాడు. పాతకాలం పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడతారు?"

ఆవరణలో రిగ్గు ముక్కలు ముక్కలుగా విప్పి లారీల మీద కట్టి ఉంది. గొలుసులు బిగిస్తున్న డ్రైవర్ల మధ్య నుంచి ఖాద్నే నడుచుకుంటూ వెళ్ళింది. ఒక్కొక్కడి చేతులూ చూసింది. అందరూ ఆమెని చూశారు. పెద్ద మీసాల తాతారు జాతి డ్రైవరొకడు మాత్రం చూడలేదు, వంగి అప్పటికే బిగిసిన గొలుసునే మళ్ళీ బిగించసాగాడు. అతని బండి చక్రాలకి గొలుసుపట్టాలున్నాయి. పట్టాల సందున నాచు ఇరుక్కుని ఉంది.

వీడే, అనుకుంది.

గుడారానికి చేరాక తోడికోడలు సవానే పొయ్యిమీంచి చారు దించి గిన్నెలు సర్దింది, గడ్డకట్టిన చేపను పల్చగా చెక్కి పళ్ళెంలో పెట్టింది. ఖాద్నే చేప ముక్క ఉప్పులో అద్ది నోట్లో వేసుకుని, కత్తిని ఆకురాయి మీద పెట్టింది. నూరుతూనే ఉంది. ఆ మీసాలవాడి మెడ ఎక్కడ మెత్తగా ఉంటుందో ఆమె చేతికి తెలుసు. దుప్పి మెడకీ మనిషి మెడకీ పెద్ద తేడా ఉండదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకి భయం వెయ్యలేదు. చలిలో వేడి టీ తాగినట్టుంది.

"రేపు కదులుదాం," అంది.

"తల్లికొండకేగా?" అంది సవానే. "నేనూ అదే అనుకుంటున్నా అక్కా. ఆడవి బరువెక్కాయి. ఇంక ఆగవు."

"కొండకి కాదు. రోడ్డుకి."

సవానే చేతిలో గరిట ఆగింది.

"రెండు చెరువుల మధ్య మెడలాంటి సన్నటి నేల ఉంది చూడు, వాళ్ళ రోడ్డు పోయేచోటు. అక్కడ గుడారం వేద్దాం. మందని రోడ్డంతా పరుద్దాం. అక్కడే ఈననీ."

యెలెసికి ముందు అర్థమైంది. పెదాల మీదికి నవ్వు రాబోయి ఆగిపోయింది. "పక్కలనుంచి పోవడానికి చోటు లేదు. చెరువుల మీద మంచు మెత్తబడింది," అన్నాడు మెల్లగా.

"అందుకే."

"అక్కడ గాలి!" సవానే గొంతు పెరిగింది. "రెండువైపులా బయలు. అక్కడ ఈనితే తడి ఆరకముందే కూనలు కొయ్యబారిపోతాయి. నీకు తెలీదా? మాకు నేర్పింది నువ్వు కదా!"

"తెలుసు. కొన్ని చస్తాయి."

"కొన్నేనా?"

ఖాద్నే కత్తి అంచును బొటనవేలితో చూసుకుంది. "ఎన్నో తెలీదు."

"చచ్చినదాని కోసం బతకాల్సినవాటిని చంపుతావా?"

"వాళ్ళ రిగ్గు కొండకి చేరితే ఈ ఏడాది కాదు, ఏ ఏడాదీ అక్కడ ఈనవు సవానే."

ఆ మాట నిజమే. కానీ తను అందుకు వెళ్ళడం లేదని ఖాద్నేకి తెలుసు. రంపపు కోతలే ఆమె కళ్ళ ముందున్నాయి. సవానేకీ అది తెలిసినట్టే ఉంది, మొహం అటు తిప్పుకుంది. యెలెసి ఇద్దరి మధ్యా కూర్చుని చారు గటగటా తాగేశాడు.

"వదినకి కోపమొస్తే మంచుతుఫాను కూడా పక్కకి తప్పుకుంటుంది," అన్నాడు. "మనమెంత. సర్దు."

పొద్దున్నే తోళ్ళు విప్పి, కర్రలు కట్టి, మంచుబండ్లు ఒకదాని వెనక ఒకటి కట్టుకుని బయలుదేరారు. మెడ దగ్గరికి చేరి గుడారాన్ని సరిగ్గా రోడ్డు నడిమధ్యన వేశారు. కంపెనీవాళ్ళు చక్రాలతో తొక్కి నున్న చేసిన మంచు గచ్చులా ఉంది, గునపం దిగలేదు. ఖాద్నే ఉడుకునీళ్ళు పోసి మెత్తబరిచి గుంజ పాతింది. చూలుదుప్పులు రోడ్డంతా పరుచుకున్నాయి. కొన్ని అప్పటికే మందకి ఎడంగా నిలబడి నేల వాసన చూసుకుంటున్నాయి.

మధ్యాహ్నానికి నేల అదిరింది. ముందు గొలుసుబండి, దాని వెనక వరసగా లారీలు. గొలుసుబండి తోలుతున్నది ఆ మీసాలవాడే. హారన్లు మోగాయి. దుప్పులు తలలెత్తాయి.

రోడ్డుపక్కన కంపెనీవాళ్ళే పాతిన బోర్డొకటి ఉంది. 'దుప్పులు దాటుతున్నాయి, ఆగండి' అని రాసి, పక్కన నవ్వుతున్న దుప్పి బొమ్మ వేశారు. యెలెసి ఆ బోర్డుకి వీపు ఆనించి కూర్చుని టీ తాగుతున్నాడు. ముందున్న బండి దగ్గరికి వచ్చేవరకూ లేవలేదు. వచ్చాక బోర్డుమీది అక్షరాల్ని వేలితో చూపించాడు.

"దాటడానికి ఎంతసేపు?" అని అరిచాడు ఒక డ్రైవరు.

"ఆడవాళ్ళు నాయనా. ప్రసవాలు. తొందరపెడితే ఎలా?"

వెనకనుంచి జీపులో జూబొవ్ వచ్చాడు. దిగి చూశాడు. గుడారం చూశాడు, అటూ ఇటూ చెరువులు చూశాడు, గుడారం ముందు నిలబడ్డ ఖాద్నేని చూశాడు. విషయం అర్థమైంది.

"తోలండి వీటిని," అన్నాడు డ్రైవర్లతో. "హారన్లు కొట్టుకుంటూ ముందుకి పోనివ్వండి. అవే తప్పుకుంటాయి."

యెలెసి ఫోను బయటికి తీశాడు. "కానివ్వండి, కానివ్వండి. అయ్యా, కాస్త ఇటు తిరిగి చెప్పండి ఆ మాట, మొహం సరిగ్గా పడడంలేదు. సాయంత్రం సిగ్నలు దొరికే గుట్టెక్కి అందరికీ పంపిస్తా."

పోయిన వసంతంలో ఉత్తరాన మరో సైటులో కూనల మీదుగా లారీ పోనిస్తే, ఆ వీడియో దేశమంతా చూసింది. అక్కడి సైటు పెద్ద ఉద్యోగం ఊడింది. జూబొవ్ పెదవి కొరుక్కున్నాడు.

అప్పుడే జరిగింది. గొలుసుబండికి ఎదురుగా, చక్రం చేసిన గాడిలో, ఒక బూడిదరంగు ఆడదుప్పి పడుకుంది. లేచింది. మళ్ళీ పడుకుంది. ఇంజను మోతకి దాని చెవులు అటూ ఇటూ తిరుగుతున్నాయి, కళ్ళు తెల్లగా కనిపిస్తున్నాయి. నల్లటి చిన్న గిట్టలు ముందు బయటికొచ్చాయి. ఖాద్నే ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. ఇలాంటప్పుడు మనిషి దగ్గరికెళితే తల్లి పారిపోతుంది, పిల్ల పోతుంది. డ్రైవర్లు ఒక్కొక్కరే దిగి వచ్చి నిలబడ్డారు. మీసాలవాడు దిగలేదు. కూన మంచులోకి జారి, ఆవిర్లు కక్కుతూ తల ఎత్తడానికి చూసినప్పుడు మాత్రం అతను చెయ్యి చాచి ఇంజను ఆపాడు. వెనక లారీలు కూడా ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో తల్లి నాకే చప్పుడు వినిపించింది.

"ఆడపిల్లా మగపిల్లాడా?" అని గుసగుసగా అడిగాడొక డ్రైవరు.

"రిగ్గు పేరు పెట్టుకుంటాంలే," అన్నాడు యెలెసి.

ఆ రోజు లారీలు వెనక్కి పోయాయి. మర్నాడు వచ్చాయి, మళ్ళీ పోయాయి. అంతలో గాలి మొదలైంది.

గాలి చెరువుల మీద నుంచి కోసుకుంటూ వచ్చింది. ఖాద్నే, సవానే, యెలెసి నిద్ర మరిచి మంద చుట్టూ తిరిగారు. మంచు దిమ్మెలు కోసి అడ్డుగోడలు కట్టారు. తల్లి నాకడం పూర్తికాకముందే బిగుసుకుపోయిన కూనల్ని ఖాద్నే ఎత్తి కోటు లోపల, ఒంటికి ఆనించుకుని పొయ్యిదగ్గరికి మోసుకొచ్చింది. కొన్ని ఆమె ఒళ్ళోనే కదిలి ముక్కుతో రొమ్ము పొడిచాయి. కొన్ని కదల్లేదు. కదలనివాటిని సవానే గుడారం వెనక వరసగా పేర్చింది. ఆ వరస పెరుగుతుంటే ఆమె ఖాద్నేతో మాట్లాడ్డం మానేసింది. టీ పోసి ముందు పెట్టేది, అంతే. ఒకసారి మాత్రం, చేతిలో చచ్చిన కూనతో, ఖాద్నే ఎదురుగా నిలబడింది.

"ఒక్కటి నీ మొగుడి కోసం దేవుడి పేర వదిలినది. ఇవి ఎవరి పేర వదిలావు అక్కా?"

ఖాద్నే గుడారం దాటి బయటికెళ్ళి, గాలికి ఎదురుగా నిలబడి, దూరాన కంపెనీ పొగ చూసింది. కొండకి తోలదామా అన్న ఆలోచన వచ్చింది. ఇంకా దారుంది, నది ఇంకా మోస్తుంది. ఆ పొగ కనిపిస్తున్నంతసేపూ కదలననుకుంది. లోపలికొచ్చి ఇంకో కూనని ఒళ్ళో వేసుకుంది.

గాలి తగ్గిన పొద్దున జూబొవ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి లారీలు లేవు. జీపు వెనక సీట్లోంచి మీసాలవాడిని దింపాడు. అతని టోపీ చేతిలో ఉంది.

"ఇదిగో," అన్నాడు జూబొవ్. గొంతు మార్చుకున్నాడు, అమ్మా అని కూడా అన్నాడు. "మీ మాటే నిజమమ్మా. విచారణ చేయించాను. వీడు రవీల్. వీడే కాల్చాడు. ఉద్యోగంలోంచి తీసేస్తున్నాను, పోలీసులకి అప్పగిస్తాను. నీ ఎదుటే క్షమాపణ చెబుతాడు. ఇంక దారి వదలండి. నది మీద అప్పుడే నీళ్ళు నిలుస్తున్నాయి. రెండు రోజులు. రెండే రోజులు ఇవ్వండి."

రవీల్ ముందుకొచ్చాడు. ఎన్ని సాయంత్రాలు కత్తి నూరుతూ ఖాద్నే ఈ మెడని చూసిందో! ఇప్పుడది చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. గొంతుముడి పైకీ కిందకీ ఆడుతోంది.

"నేనే కాల్చానమ్మా," అన్నాడు. "దేవుడిదని తెలీదు. తెలిసినా... ఏమో. కాల్చేవాడినేమో. తప్పయింది."

"తోలేది?"

రవీల్ టోపీని నలిపాడు. "నా దగ్గర లేదు."

"కొమ్ములు?"

"అవీ లేవు."

"నువ్వు అమ్ముకున్నావా?"

"నేనా?" అతను మొదటిసారి తలెత్తాడు. "నాకు తెల్లతోలెందుకమ్మా? నాకెవరు కొంటారు? పెద్దాఫీసులో పెద్దాయన పుట్టినరోజు. మచ్చలేని తెల్లతోలు కావాలన్నారు. ఎక్కడైనా ఒకటి చూడరా రవీల్ అన్నారు. చూశాను."

"ఎవరన్నారు?"

రవీల్ చూపు జూబొవ్ వైపు జారింది. పేరు చెప్పాల్సిన పని లేదు. జూబొవ్ మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది.

"వీడు తాగుబోతు, వీడి మాట..."

"తాగుబోతైతే బండెందుకిచ్చావు?" అన్నాడు యెలెసి.

ఖాద్నే జూబొవ్‌ని చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె పగకి పెద్ద మీసాలుండేవి. ఇప్పుడది నున్నగా గీసుకున్న మొహం. ఏ తోలు అని అడిగి కిటికీవైపు చూసిన మొహం. ఎంతో పొదుపుగా ఖర్చుపెట్టుకుంటూ వచ్చిన కోపం, అయిపోతుందనుకున్నది, అడుగునుంచి మళ్ళీ ఊరింది.

"ఇతనికి టీ పొయ్యి," అంది సవానేతో, రవీల్‌ని చూపించి.

సవానే పోసింది. రవీల్ తీసుకోవాలా వద్దా తెలియక నిలబడ్డాడు.

"తాగు. తుపాకీ నువ్వు పేల్చావు. దానికి నిన్ను క్షమించను. నా గుడారంలో తెగులొస్తే కూడా నీ పేరే తిడతాను. కానీ అది వేరు." జూబొవ్ వైపు తిరిగింది. "తోలు తెప్పించు."

"అది సిటీకి వెళ్ళిపోయింది. నేనెలా..."

"తెప్పించు. ఆ పెద్దాయన్ని ఎవరి తోలు కప్పుకున్నాడో తెలుసుకోమను. అది ఇక్కడికొచ్చాక రెండు రోజులిస్తాను."

"అప్పటికి నది మీద మంచు పోతుంది!"

"పోతుంది," అంది ఖాద్నే.

మర్నాడు పొద్దున లారీలన్నీ వచ్చాయి. జూబొవ్ రాత్రంతా ఎవరితోనో ఫోనులో మాట్లాడాడని, తిట్లు తిన్నాడని మొహమే చెబుతోంది. ఆయన గుడారం వైపు రాలేదు. ఎడమవైపు చెరువు చూపిస్తూ డ్రైవర్లతో ఏదో చెప్పాడు. కాసేపటికి రవీల్ ఒక్కడే నడుచుకుంటూ వచ్చి ఖాద్నేకి ఎదురుగా ఆగాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, లేవలేని కూన కాళ్ళని ఎండుగడ్డితో రుద్దుతోంది.

"అమ్మా, చెరువు మీదుగా పొమ్మంటున్నారు. ముందు నన్ను. దాటించావంటే పోలీసు కేసుండదంటున్నారు." అతను గొంతు సవరించుకున్నాడు. "మీరిక్కడివాళ్ళు. ఆగుతుందా ఐసు?"

ఖాద్నే చెరువువైపు చూసింది. గాలి ఊడ్చిన మంచు తెల్లగా, గట్టిగా, పెళ్ళిపళ్ళెంలా మెరుస్తోంది. ఒడ్డువారన మాత్రం నల్లటి గీత. నాలుగు రోజుల కిందటే యెలెసి వల తియ్యడానికి పోయి మోకాలిదాకా దిగబడ్డాడు.

ఒక్క మాట చాలు. ఆగుతుంది అంటే చాలు. ఈ మనిషి వెళ్ళి బండెక్కుతాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేరు. ముసలమ్మకి ఏం తెలుసంటారు. ఆ మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది, దాని రుచి కూడా తెలిసింది. రవీల్ ఆమె మొహంలోకి చూడ్డంలేదు, ఆమె చేతుల్లో కూనని చూస్తున్నాడు. కూన కాలు ఒకటి వణికింది.

"నీ బండిలో డీజిలు నింపావా?" అంది.

"నిండా ఉంది."

"అదంతా నా చేపలు తాగాలా? వెళ్ళకు."

రవీల్ నిలబడే ఉన్నాడు.

"నువ్వు ముందు పోతే ఆయనెక్కడ కూర్చుంటాడు?"

"వెనక. జీపులో."

"తాళం ఆయనకివ్వు. ముందు ఆయన్ని పొమ్మను."

చెరువు కోసమే చెప్పానని ఆమె తర్వాత యెలెసితో అంది. యెలెసి నమ్మినట్టు తలూపాడు.

రవీల్ తిరిగివెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో గుడారం దగ్గరికి వినిపించలేదు. కనిపించింది మాత్రం అంతా కనిపించింది. రవీల్ తాళం తీసి జూబొవ్ చేతిలో పెట్టాడు. జూబొవ్ దాన్ని రెండో డ్రైవరుకి అందించాడు. అతను చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. మూడోవాడు వెనక్కి జరిగాడు. జూబొవ్ అరిచాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు, ఎవరూ కదల్లేదు. ఒకడు లారీ మెట్టుమీద కూర్చుని సిగరెట్ వెలిగించాడు.

జూబొవ్ తాళం జేబులో వేసుకున్నాడు. తర్వాత చూడండిరా అన్నట్టు గబగబా తనే చెరువు మీదికి నడిచాడు. నల్లగీత దాటాడు. ఐసు లోపలెక్కడో మూలిగింది. ఆయన ఆగాడు, వెనక్కి తిరిగాడు, తిరుగుతుండగానే ఒక కాలు తొడదాకా దిగబడింది. చేతుల మీద పాక్కుంటూ ఒడ్డుకొచ్చాడు. ఒక బూటు లోపలే ఉండిపోయింది. డ్రైవర్లు చెయ్యి అందించి లేపారు. ఎవరూ నవ్వలేదు. ఒంటికాలి మేజోడు మీద నీళ్ళు కారుకుంటూ ఆయన జీపుదాకా కుంటుకుంటూ నడిచాడు.

యెలెసి ఫోను ఎత్తాడు. ఖాద్నే అతని చెయ్యి దించింది.

"నేను చూశాను. చాలు."

టీ తెచ్చుకుని, జీపు కనుమరుగయ్యేదాకా తాగింది. అంత తీపి టీ ఆమె ఈ మధ్యకాలంలో తాగలేదు. లారీలు ఒకటొకటిగా వెనక్కి మళ్ళాయి. చివర గొలుసుబండి కిటికీలోంచి రవీల్ చెయ్యెత్తాడు. ఖాద్నే ఎత్తలేదు.

రెండు రోజులకి నది పోయింది. ముందు ఫిరంగి పేలినట్టు చప్పుడు, తర్వాత ఒకటే రోద. ముగ్గురూ ఒడ్డుకెళ్ళి చూశారు. ఇళ్ళంత మంచుపలకలు ఒకదాన్నొకటి ఎక్కి, తొక్కి, తిరగబడి సముద్రంవైపు పోతున్నాయి. అవతల తల్లికొండ దక్షిణపు వాలు అప్పుడే గోధుమరంగు తేలింది. దానిమీద రిగ్గు లేదు. జూబొవ్‌ని హెలికాప్టర్లో తీసుకుపోయారని, తిరిగి రాడని, ఇనుమంతా బేసులోనే తుప్పు పడుతుందని యెలెసికి బేసు వంటవాడు చెప్పాడు. తోలు మాత్రం రాలేదు. వస్తుందని ఖాద్నే అనుకోనూ లేదు.

"మనమూ ఇవతలే ఉండిపోయాం," అంది సవానే నదిని చూస్తూ. చాలా రోజుల తర్వాత ఆమె పలికిన మాట అది.

అవును. కూనలకి ఈత రావాలంటే ఎండాకాలం నడినెత్తికి రావాలి. అప్పటిదాకా కొండ లేదు, మెత్తటి నాచు లేదు. ఈ గాలి బయలే.

గుడారానికి తిరిగొచ్చి ఖాద్నే చచ్చిన కూనల వరస పక్కన కూర్చుంది. ఎండ తగులుతోంది, ఇంక ఆలస్యం చేస్తే తోళ్ళు పాడైపోతాయి. ఒకదాన్ని ఒళ్ళోకి లాక్కుని, కాలి మడమ దగ్గర కత్తి పెట్టి, మెల్లగా కొయ్యడం మొదలుపెట్టింది. లేతతోలు. బలం పెడితే చిరిగిపోతుంది. బతికిన కూనలు రోడ్డు మీద తల్లుల చుట్టూ పడుతూ లేస్తూ పరుగెత్తుతున్నాయి.

సవానే వచ్చి ఎదురుగా నిలబడింది.

"సంతోషంగా ఉందా అక్కా?"

ఖాద్నేకి ఒంటికాలి మేజోడుతో కుంటిన మనిషి కళ్ళముందు కదిలాడు. వేళ్ళ కింద కూన డొక్క చల్లగా, చిన్నగా ఉంది.

"ఉంది," అంది. తల దించుకోలేదు. కానీ కత్తి పక్కకి జారి, తోలు అర అంగుళం చిరిగింది.

సవానే ఆ చిరుగువైపు చూసింది. నడుము నుంచి తన కత్తి తీసి, ఖాద్నే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వరసలో తర్వాతి కూనని ఒళ్ళోకి లాక్కుంది.